కేయూ క్రాస్ గుడ్ల బండి: ఉడకబెట్టింది తినండి, పచ్చసొన తీయించకండి

హనుమకొండలో కేయూ క్రాస్ నుంచి నయీంనగర్ వైపు వచ్చే తోవలో సాయంత్రం పూట ఒక గుడ్ల బండి పెడతారు. భార్యాభర్తలిద్దరూ నడుపుతారు. నాది ల్యాబ్‌లో పని, పొద్దున్నే పరగడుపున వచ్చినవాళ్లకు లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) కోసం రక్తం తీస్తాను. డ్యూటీ దిగాక ఈ బండి దగ్గర ఆగడం అలవాటైంది.

ఇక్కడ తినాల్సింది ఉడకబెట్టిన గుడ్డే. అన్న గుడ్డును స్టీలు పళ్లెం మీద ఒక్కసారి దొర్లించి, పొట్టు తీసి, దారంతో నాలుగు ముక్కలు చేస్తాడు. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ చార కనబడదు. మరీ ఎక్కువసేపు ఉడికితే పచ్చసొనలోని ఇనుము, తెల్లసొనలోని గంధకం కలిసి ఆ చార వస్తుంది. గిన్నె ఎప్పుడు దించాలో వదినకు బాగా తెలుసు. పైన మిరియాల పొడి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, ఇంట్లో దంచిన ఎల్లిపాయ కారం. ఆ కారం కోసమే వచ్చేవాళ్లున్నారు. జత 25 రూపాయలు.

బాధనిపించేది ఏందంటే, వయసు పైబడినవాళ్లు చాలామంది "పచ్చది తీసెయ్ తమ్మీ, నాకు కొలెస్ట్రాల్ ఉన్నది" అంటారు. పచ్చసొన డబ్బాలోకి పోతుంది. ఆ వెంటనే వాళ్లే డబుల్ ఆమ్లెట్, బటర్ బ్రెడ్ చెప్తారు! ఆ ఆమ్లెట్‌కు పెనం మీద పామాయిల్ ధారగా పడుతుంది.

పెద్ద గుడ్డు ఒకదాంట్లో సుమారు 186 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటుంది, అదంతా పచ్చసొనలోనే, నిజమే. కానీ ఒంట్లో తిరిగే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మన కాలేయమే తయారు చేస్తుంది. రిపోర్టులో ఎల్‌డీఎల్‌ను, అంటే చెడు కొలెస్ట్రాల్‌ను, పైకి లేపేది ముఖ్యంగా వెన్న, డాల్డా, పామాయిల్ లాంటి వాటిలోని సంతృప్త కొవ్వు. గుడ్డులో అది గ్రామున్నర దాకానే. తినే కొలెస్ట్రాల్ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటొద్దన్న పాత లెక్కను అమెరికా ఆహార మార్గదర్శకాలు 2015లో తీసేశాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు రోజుకొక గుడ్డు పర్వాలేదని అక్కడి హార్ట్ అసోసియేషన్ 2019లో చెప్పింది. గుడ్డులోని 6 గ్రాముల ప్రొటీన్‌లో సగానికి కాస్త తక్కువ పచ్చసొనలోనే ఉంది. కోలిన్ అనే పోషకం, విటమిన్ డి, కంటికి మంచిదైన ల్యూటిన్ కూడా అందులోనే. పారేస్తే పోయేది అవే.

షుగర్ ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఇంట్లో వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లు మాత్రం ఎన్ని తినాలో డాక్టర్‌నే అడగాలి. కొందరికి గుడ్లతో ఎల్‌డీఎల్ మిగతావాళ్లకన్నా ఎక్కువ పెరుగుతుంది కూడా.

బండికి రెండు మాటలు చెప్పాలి. ముక్కలు న్యూస్‌పేపర్‌లో పెట్టి ఇవ్వడం మానాలి, వేడి గుడ్డుకు సిరా అంటుతుంది. మోదుగాకు డొప్పలు పెట్టండన్నా, రూపాయి ఎక్కువైనా ఇస్తాం. ఆమ్లెట్‌కు నూనె అడక్కుండానే తగ్గించాలి. "నూనె తక్కువ వెయ్యి వదినా" అంటే మాత్రం చెంచాతో కొలిచి వేస్తుంది, విసుక్కోదు.

శనివారం గిరాకీ తక్కువ, నిలబడే పని లేదు. మిగతా రోజుల్లో ఏడు దాటకముందే పోండి, తర్వాత ఆమ్లెట్ ఒక్కటే మిగులుతుంది.