ఐటీఐ వెల్డర్ ట్రేడ్: చేరే ముందు చూడాల్సినవి

ఎనిమిదో తరగతి పాసైతే చాలు, కోర్సు ఏడాదే. వెల్డర్లు దొరక్క కంపెనీలు వెతుక్కుంటున్న ఈ రోజుల్లో ఇంత తక్కువ ఖర్చుతో చేతికి పని నేర్పే కోర్సు అరుదు. ఆర్క్, గ్యాస్, మిగ్, టిగ్ నాలుగు వెల్డింగ్ పద్ధతులూ సిలబస్‌లో ఉన్నాయి.

అడ్మిషన్‌కి ముందు వర్క్‌షాప్‌లోకి వెళ్లి చూడండి. ప్రాక్టీస్‌కి రాడ్లు రోజూ ఇస్తున్నారా? 7018 అనే తక్కువ హైడ్రోజన్ రకం రాడ్లను ఓవెన్‌లో ఆరబెట్టకుండా చెమ్మతోనే వాడిస్తుంటే ఆ చోటు వద్దు. అతుకులో బుడగలు పడతాయి, హైడ్రోజన్ చేరి ఆనక పగులు వస్తుంది. 3.15 మి.మీ. రాడ్‌కి సుమారు 90-130 ఆంపియర్లు పెట్టాలి. తగ్గితే స్లాగ్ (రాడ్ పూత కరిగి గట్టిపడిన మడ్డి) అతుకులో ఇరుక్కుంటుంది, పెరిగితే అంచు కోసుకుపోతుంది.

ఈ కోర్సులో అసలు లోటు పైపు వెల్డింగ్ దగ్గరే. 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించిన పైపు మీద పెట్టే 6జీ టెస్ట్‌కి ఏడాది సాధన చాలదు. అందుకే పైపు పని ఇచ్చే కంపెనీలోనే అప్రెంటిస్‌షిప్ చేయండి.