పారిస్‌లో దెగా పాస్టెల్స్: ముందు జీవెర్నీ, తర్వాతే ఓర్సే

పారిస్ వెళ్ళి ఫ్రెంచి చిత్రకారుడు దెగా పాస్టెల్స్ (రంగు సుద్దలతో వేసిన బొమ్మలు) చూడాలనుకునేవాళ్ళకి నా సలహా ఒక్కటే. ముందు చిత్రకారుడు మోనే ఇల్లున్న జీవెర్నీ ఊరు వెళ్ళండి, దెగా బొమ్మలున్న ఓర్సే మ్యూజియం తర్వాత పెట్టుకోండి. దెగా చూపు వెనక జపాన్ బొమ్మలున్నాయి, అలాంటివి జీవెర్నీలో కనిపిస్తాయి. 1850ల్లో జపాన్ రేవులు తెరుచుకున్నాక అక్కడి చెక్క అచ్చు బొమ్మలు (చెక్కమీద చెక్కి కాగితంమీద అద్దినవి) పారిస్ దుకాణాలకి వచ్చిపడ్డాయి. మోనే వాటిని వందల్లో పోగేసుకున్నాడు. జీవెర్నీలో ఆయన ఇంటి పసుపు భోజనాల గదిలో గోడలనిండా అవే. సెయింట్ లజార్ స్టేషన్‌లో రైలెక్కి వెర్నాన్‌లో దిగితే అక్కణ్ణుంచి బస్సుంది. అందరూ తోటలోకి పరిగెడతారు. మీరు గేటు తీయగానే ఇంట్లోకి వెళ్ళండి. కాస్త పొద్దెక్కితే జనం తోపులాటలో ఏ బొమ్మ ముందూ నిలబడలేం.

ఆ బొమ్మల్లో చూడాల్సింది రంగులకంటే చూపు ఎక్కణ్ణుంచి పడుతోందన్నది. పైనుంచి చూసినట్టు నేల, అంచు దగ్గర సగానికి తెగిన మనిషి, నీడల్లేని రంగు.

ఓర్సేలో దెగా 1886 నాటి ‘టబ్’ ముందు నిలబడితే అదంతా మళ్ళీ కనిపిస్తుంది. గుండ్రటి తొట్టిలో వంగి కూర్చున్న స్త్రీ ఒక చేత్తో ఆనుకుని, రెండో చేత్తో మెడ రుద్దుకుంటోంది. కుడివైపు బల్ల ఒకటి బొమ్మని నిలువునా కోసేస్తుంది. దానిమీద కూజాలు, అంచు దాటి బయటికొచ్చిన బ్రష్ పిడి. దెగా దగ్గర జపాన్ చిత్రకారుడు కియొనాగా వేసిన స్నానశాల ప్రింటు ఉండేది. ఇప్పుడది బోస్టన్‌లో ఉంది. అయినా దెగాది కాపీ కాదు. పొరమీద పొరగా గీసిన సుద్ద గీతల్లోంచి ఒంటి వెచ్చదనం తెలుస్తుంది. చెక్క అచ్చుకి అది సాధ్యంకాదు. నాకు ఓర్సే మొత్తంలో ఇదే గొప్ప బొమ్మ.

పాస్టెల్స్ సున్నితం కనక మసక వెలుతురులో, మార్చి మార్చి పెడతారు. గోడమీద ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. సోమవారం సెలవు. గురువారం రాత్రిదాకా తెరిచుంటుంది, సాయంత్రం తీరిగ్గా చూడొచ్చు.

నా బస గార్ దు నోర్ రైల్వేస్టేషన్ దగ్గర. గది ఇరుకు, లిఫ్టులో ఒక పెట్టె పడితే మనిషి పట్టడు, ఆ అద్దెకి అది అన్యాయం. కానీ నడిచే దూరంలో లా షపెల్ పేటలో తమిళుల హోటళ్ళున్నాయి, ఇడ్లీ దోసెలకి లోటు లేదు.

బొమ్మలేసేవాళ్ళయితే రాంబ్యుతో వీధిలో దెగాకి పాస్టెల్ సుద్దలు అమ్మిన రోషే వారి దుకాణం వదలొద్దు. తెరిచే వేళలు తక్కువ, ఖరీదూ ఎక్కువే. అడిగిన ప్రతి రంగునీ ఓపిగ్గా కాగితం మీద గీసి చూపించారు. నేను రెండు నీలాలు, ఒక మట్టిరంగు తెచ్చుకున్నాను.