పాలకమండళ్లకు చట్టాల సలహా సేవ: పట్టిక దిట్టం, తీర్మానాలు డొల్ల

నెల్లూరు, ఒంగోలులోని ట్రస్టు ఆసుపత్రులకు కొత్త చట్టాల మీద సలహా ఇచ్చే ఏడాది చందా సేవ ఇది. మూడు నెలలకోసారి పాలకమండలి మీటింగుకు వస్తారు, నెలనెలా ఒక పట్టిక పంపుతారు. పెట్టిన డబ్బుకు ఫలం ఆ పట్టికే.

ప్రతి చట్టానికీ నాలుగు గళ్లు: బిల్లు, ఆమోదం, గెజిట్, అమలు తేదీ. మనుషుల డిజిటల్ వివరాలను కాపాడే డేటా రక్షణ చట్టమే చూడండి. 2023లో పాసైంది, రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి. లీకుల మీద విచారించి జరిమానా వేసే డేటా ప్రొటెక్షన్ బోర్డు ఏర్పాటు వెంటనే అమల్లోకి వచ్చింది. రోగి సమ్మతి, భద్రత లాంటి అసలు బాధ్యతలకు రూల్స్‌తో పాటు వచ్చిన నోటిఫికేషన్ ఇచ్చిన గడువు 18 నెలలు, అంటే 2027 మే. "రేపే 250 కోట్ల జరిమానా" అని బెదిరించి నెల్లూరు పొగతోటలో ఎవరైనా సాఫ్ట్‌వేర్ అంటగట్టబోతే ఆ నాలుగో గడి చూపిస్తే చాలు. 250 కోట్లు గరిష్ఠ పరిమితి, అందరికీ పడే మొత్తం కాదు.

ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సంగతీ అంతే. 2023 డిసెంబరులో పార్లమెంటులో, నిర్లక్ష్యంతో మరణం కేసుల్లో డాక్టర్లకు మినహాయింపన్న మాట వినిపించింది, వాట్సాప్ గ్రూపులు పండగ చేసుకున్నాయి. 2024 జూలై 1న అమలైన సెక్షన్ 106(1) తీసి చూస్తే, చికిత్సలో నిర్లక్ష్యంతో మరణిస్తే డాక్టరుకు రెండేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. ఇతరులకైతే ఐదేళ్ల దాకా. పట్టికలో సెక్షన్ పాఠం యథాతథంగా జత చేశారు, మెచ్చుకోవాలి.

ఇక పాలకమండలి ఆమోదానికి వీళ్లు రాసిచ్చే తీర్మానాల నమూనాలు తేలిపోయాయి. అన్నీ ఇంగ్లీషులో, అన్నిటికీ "తగిన చర్యలు తీసుకోవాలి" అనే ముగింపు. ఎవరు, ఎప్పటికి, ఎంత ఖర్చుతో అన్నది మినిట్స్‌లో లేకపోతే వచ్చే మీటింగులో సెక్రటరీ మేనేజరు వైపు, మేనేజరు ఆడిటరు వైపు చూస్తారు. హోదా, తేదీ, ఖర్చు పరిమితి రాసి తీరాలి.

కౌంటరు దగ్గర జరిగేది వీళ్ల చెక్‌లిస్టులో దాదాపు లేదు. ల్యాబ్ రిపోర్టులు సిబ్బంది సొంత ఫోన్లలోంచి వెళ్తుంటాయి, మానేసిన ఉద్యోగి లాగిన్ ఇంకా తెరుచుకుంటుంది. 2027 మే గడువు దాటాక రోగుల వివరాలు లీకైతే డేటా ప్రొటెక్షన్ బోర్డుకు ఆలస్యం లేకుండా చెప్పి, 72 గంటల్లో పూర్తి వివరాలివ్వాలి. ఆదివారం రాత్రి తెలిస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఆ చెక్‌లిస్టులో లేదు. కంప్యూటరుకెక్కని ఓపీ రిజిస్టరుకు ఈ చట్టం వర్తించదన్న ఉపయోగపడే ముక్కా రాయలేదు.

ఒక్క డాక్టరు నడిపే నర్సింగ్ హోముకు ఈ చందా దండగ. ల్యాబ్, స్కానింగ్, నర్సింగ్ కాలేజీ ఉన్న ట్రస్టు తీసుకోవచ్చు, కానీ సంతకానికి ముందే తీర్మానాలు తెలుగులో ఇవ్వాలని, ప్రతి వరుసకూ గెజిట్ కాపీ జతచేయాలని ఒప్పందంలో రాయించుకోండి.