డీఎస్‌పీ డిజైన్ పోటీకి ఎస్‌టీఎం32ఎఫ్4 డిస్కవరీ బోర్డు: లెక్కకు లోటు లేదు, జాగ్రత్తంతా ఇన్‌పుట్ దగ్గరే

డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ పోటీకి పేరు ఇచ్చే టీమ్‌లు ముందుగా అడిగే ప్రశ్న "ఈ బోర్డు స్పీడు సరిపోతుందా?" అని. ఈ బోర్డు విషయంలో స్పీడు గురించి బెంగ అక్కర్లేదు. ఒక ఛానెల్ ఆడియో, మోటారు వైబ్రేషన్, ఈసీజీ లాంటి ప్రాజెక్టులకు ఇది చాలా మంచి ఎంపిక. స్టీరియో ఇన్‌పుట్, మైక్‌ల వరుసతో శబ్దం దిశ కనిపెట్టడం, ఇమేజ్ ప్రాసెసింగ్ మీ ఆలోచనలో ఉంటే మాత్రం వేరే బోర్డు చూసుకోండి.

బోర్డు మీద ఉన్న చిప్ ఎస్‌టీఎం32ఎఫ్407వీజీ. 168 మెగాహెర్ట్జ్ కోర్టెక్స్ ఎం4, సింగిల్ ప్రెసిషన్ ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్, 1 మెగాబైట్ ఫ్లాష్, 192 కిలోబైట్ల ర్యామ్. సెకనుకు 48,000 శాంపిల్స్ తీసుకుంటే ఒక్కో శాంపిల్‌కు 3500 సైకిళ్లు దొరుకుతాయి. 256 ట్యాపుల (కోఎఫిషియంట్ల) ఎఫ్‌ఐఆర్ ఫిల్టర్ ట్యాపుకు 4 సైకిళ్ల చొప్పున తిన్నదనుకున్నా ఖర్చు 1024 సైకిళ్లే, అంటే 30 శాతం లోపే. మిగిలినదాంట్లో ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌లోని ఫ్రీక్వెన్సీలను విడదీసే లెక్క), అడాప్టివ్ ఫిల్టర్, డిస్‌ప్లే అన్నీ పడతాయి.

అసలు సమస్య సిగ్నల్ లోపలికి తేవడంలో ఉంది. సౌండ్ బయటికి పంపడానికి సీఎస్43ఎల్22 అనే మంచి ఆడియో డ్యాక్ (అంకెలను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే చిప్), 3.5 మిల్లీమీటర్ల జాక్ ఇచ్చారు. లైన్ ఇన్‌పుట్ మాత్రం లేదు. ఉన్నది ఒక్క డిజిటల్ మైకు. ఎంపీ45డీటీ02 మైకు ఉన్న బోర్డుల్లో దాని సిగ్నల్ టు నాయిస్ 58 డెసిబెల్సే. గొంతు గుర్తుపట్టే డెమోకు అది చాలు, నాయిస్ తగ్గించే ప్రాజెక్టుకు చాలదు. కాబట్టి చాలా టీమ్‌లు చిప్‌లోని 12 బిట్ల ఏడీసీనే (అనలాగ్ సిగ్నల్‌ను అంకెలుగా మార్చే భాగం) వాడతాయి. చిక్కులు అక్కడే మొదలవుతాయి.

మొదటి చిక్కు ఎలియాసింగ్, అంటే శాంప్లింగ్ రేటులో సగానికి మించిన ఫ్రీక్వెన్సీలు మడత పడి కిందికి రావడం. ఏడీసీ పిన్ ముందు బోర్డు మీద ఏ ఫిల్టరూ లేదు. చాలామంది ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ పెట్టి సరిపెడతారు. 10 కిలోహెర్ట్జ్ కటాఫ్ ఉన్న ఆర్‌సీ ఫిల్టర్, 38 కిలోహెర్ట్జ్ దగ్గర తగ్గించేది 12 డెసిబెల్స్ మాత్రమే. 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌లో ఆ 38 మడత పడి నేరుగా 10 మీదికి వస్తుంది. తర్వాత ఎంత గొప్ప డిజిటల్ ఫిల్టర్ రాసినా అది పోదు. దీనికి మంచి దారి నాలుగు రెట్ల వేగంతో శాంపిల్ చేసి, డిజిటల్‌గా నాలుగో వంతుకు దించడం. ముందు ఎంసీపీ6002 లాంటి రైల్ టు రైల్ ఆప్ ఆంప్‌తో రెండో ఆర్డర్ శాలెన్ కీ ఫిల్టర్ పెడితే, మడత పడే చోట దాదాపు 50 డెసిబెల్స్ తగ్గుదల వస్తుంది.

బయాస్ కూడా, అంటే సిగ్నల్‌ను ఏడీసీ రేంజీ మధ్యకు లేపే స్థిర వోల్టేజీ కూడా మరచిపోకూడదు. బోర్డు సరఫరా 3 వోల్టులు, ఏడీసీ రేంజీ కూడా అంతే. రెండు 10 కిలోఓమ్ రెసిస్టర్లతో 1.5 వోల్టులు తయారుచేసి, ఆ మధ్య బిందువుకు 10 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ కట్టండి. అక్కడి నుంచి 100 కిలోఓమ్ ద్వారా ఆప్ ఆంప్ ఇన్‌పుట్‌కు ఇవ్వండి. సిగ్నల్‌ను 1 మైక్రోఫ్యారడ్ ద్వారా కలపండి, కింది కటాఫ్ 1.6 హెర్ట్జ్ వస్తుంది. ఇన్‌పుట్‌కు పీఏ1, పీఏ2, పీఏ3 ఖాళీగా ఉంటాయి. పీఏ0 బటన్‌ది, పీసీ3 మైకుది, వాటి జోలికి పోవద్దు. చిప్‌లోని సొంత డ్యాక్ వాడదామన్నా కుదరదు: పీఏ4ను ఆడియో డ్యాక్, పీఏ5ను యాక్సెలరోమీటర్ ముందే తీసేసుకున్నాయి.

రెండో చిక్కు అంతకంటే మొండిది, ఎక్కువ డెమోలు పాడయ్యేది దీనివల్లే. చిప్ తయారుచేసే ఎస్‌టీ కంపెనీ మాన్యువల్ పట్టిక ప్రకారం 48 కిలోహెర్ట్జ్ ఐటూఎస్‌కు (ఆడియో డ్యాక్‌కు శాంపిల్స్ పంపే లైన్) పీఎల్‌ఎల్ (క్రిస్టల్ నుంచి వేరే క్లాక్ తయారుచేసే భాగం) సెట్టింగులు ఎన్ 258, ఆర్ 3. దాంతో నిజంగా వచ్చేది 47,991 హెర్ట్జ్. ఏడీసీని నడిపే టైమరేమో 84 మెగాహెర్ట్జ్‌ను 1750తో భాగించి కచ్చితంగా 48,000 ఇస్తుంది. తేడా సెకనుకు 9 శాంపిల్స్. 64 శాంపిల్స్ బ్లాకు వాడితే ఏడు సెకన్లకోసారి ఒక బ్లాకు జారిపోయి "టిక్" మని వినిపిస్తుంది. కోడ్ ఎంత వెతికినా తప్పు దొరకదు, ఎందుకంటే తప్పు కోడ్‌లో లేదు.

దీనికి వైర్లు, అదనపు చిప్‌లు అక్కర్లేదు. 48 మీద పట్టుదల వదిలేసి 46,875 హెర్ట్జ్‌కు మారండి. ఐటూఎస్ పీఎల్‌ఎల్‌లో ఎన్ 192, ఆర్ 2 పెడితే 96 మెగాహెర్ట్జ్ వస్తుంది. డివైడర్ 4, ఆడ్ బిట్ 0, మాస్టర్ క్లాక్ ఆన్: అవుట్‌పుట్ సరిగ్గా 46,875. టైమర్ వైపు 84 మెగాహెర్ట్జ్‌ను 1792తో భాగిస్తే అదే 46,875, నాలుగు రెట్ల శాంప్లింగ్‌కు 448తో భాగిస్తే 187,500. రెండూ ఒకే 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ నుంచి పూర్ణాంకాలతో పుడుతున్నాయి కాబట్టి ఎంతసేపు నడిపినా జారవు. టైమర్ రిజిస్టర్‌లో రాయాల్సింది ఒకటి తక్కువ, అంటే 1791 లేదా 447. ఆ ఒకటి మరిస్తే మళ్లీ టిక్ మొదలు.

క్రిస్టల్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పాత నమూనా ప్రాజెక్టుల్లో క్రిస్టల్ విలువ 25 మెగాహెర్ట్జ్ అని, పీఎల్‌ఎల్ ఎం 25 అని ఉంటుంది. ఈ బోర్డుకు రెండూ 8 చేయాలి. లేకపోతే చిప్ 53.76 మెగాహెర్ట్జ్ దగ్గరే నడుస్తుంది, సీరియల్ పోర్టులో చెత్త అక్షరాలు వస్తాయి.

ఆడియో జాక్‌లో సౌండే రాకపోతే మూడు చూడండి. పీడీ4 రీసెట్ పిన్ పైకి లేపారా, డ్యాక్‌ను ఆన్ చేసేముందే మాస్టర్ క్లాక్ వస్తోందా, డ్యాక్‌ను కంట్రోల్ చేసే ఐటూసీ లైన్‌లో దాని అడ్రసు సరిగ్గా ఇచ్చారా. అడ్రసు హెక్స్‌లో 4ఏ, ఎస్‌టీ ఇచ్చే హ్యాల్ లైబ్రరీ ఫంక్షన్లకు ఎడమకు జరిపి 94 ఇవ్వాలి.

సాఫ్ట్‌వేర్‌కు సీఎంఎస్‌ఐఎస్ డీఎస్‌పీ లైబ్రరీ ఉచితం, నమ్మదగింది. కానీ దాని పద్ధతులు మ్యాట్‌ల్యాబ్ పద్ధతులు కావు. బైక్వాడ్ (రెండో ఆర్డర్) ఫిల్టర్లలో ఏ1, ఏ2 కోఎఫిషియంట్ల ప్లస్, మైనస్ గుర్తులు తిప్పి ఇవ్వాలి, ఏ0 తీసేయాలి. తిప్పకపోతే ఫిల్టర్ పనిచేయదు, చాలాసార్లు అవుట్‌పుట్ గరిష్ఠానికి ఎగబాకి అక్కడే నిలిచిపోతుంది. ఎఫ్‌ఐఆర్ కోఎఫిషియంట్లు వెనక నుంచి ముందుకు ఇవ్వాలి. సౌష్ఠవం ఉన్న ఫిల్టర్లలో ఈ తప్పు బయటపడదు, మినిమమ్ ఫేజ్ ఫిల్టర్‌కు మారినప్పుడు పట్టుకుంటుంది. రియల్ ఎఫ్‌ఎఫ్‌టీ ఫలితంలో రెండో సంఖ్య నైక్విస్ట్ (శాంప్లింగ్ రేటులో సగం) దగ్గరి విలువ, మొదటి బిన్ ఊహాత్మక భాగం కాదు. పైగా ఆ ఫంక్షన్ ఇన్‌పుట్ బఫర్‌ను చెరిపేస్తుంది, కావాలంటే ముందే కాపీ తీసుకోండి.

ర్యామ్‌లో 64 కిలోబైట్ల సీసీఎం భాగాన్ని డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటాను జరిపే భాగం) చేరలేదు. కోఎఫిషియంట్లు, ఫిల్టర్ స్టేట్ అక్కడ పెట్టుకోవచ్చు, ఏడీసీ బఫర్ పెడితే సున్నాలే చూస్తారు. 0.5 అని రాస్తే కంపైలర్ డబుల్‌గా తీసుకుంటుంది, దానికి ఈ చిప్‌లో హార్డ్‌వేర్ లేదు. వెనక ఎఫ్ అక్షరం తప్పనిసరి. ఇంటరప్ట్ లోపల ప్రింట్ చేయకండి: 115200 బాడ్ దగ్గర ఒక్క అక్షరానికి 87 మైక్రోసెకన్లు, 16 అక్షరాలు రాసేసరికి 64 శాంపిల్స్ బ్లాకు గడువు దాటిపోయినట్టే.

జడ్జీలకు "రియల్ టైమ్‌లో నడుస్తోంది" అని చెప్పడం కాదు, చూపించాలి. బ్లాకు లెక్క మొదలైనప్పుడు ఒక పిన్‌ను పైకి లేపి, అయిపోగానే దించండి. 64 శాంపిల్స్ బ్లాకయితే ఆసిలోస్కోప్‌లో 1.37 మిల్లీసెకన్లకోసారి ఒక పల్స్ కనిపిస్తుంది. దాని వెడల్పు 0.4 మిల్లీసెకన్లయితే ప్రాసెసర్ మీద భారం 30 శాతం లోపే అని అందరికీ కళ్లముందే తెలుస్తుంది. ఫిల్టర్ ట్యాపులు పెంచితే పల్స్ వెడల్పవుతుంది. రిపోర్టులో ఆ బొమ్మ తప్పక పెట్టండి.

ఆలస్యం సంగతి కూడా జడ్జీలు అడుగుతారు. డబుల్ బఫర్‌తో లోపలికి ఒక బ్లాకు, బయటికి ఒక బ్లాకు, మొత్తం 2.7 మిల్లీసెకన్లు. ఆలోపు గాలిలో శబ్దం దాదాపు 90 సెంటీమీటర్లు వెళ్లిపోతుంది. యాక్టివ్ నాయిస్ కంట్రోల్ (ఎదురు శబ్దంతో శబ్దాన్ని తగ్గించడం) చేసే టీమ్‌లు బ్లాకును బాగా చిన్నది చేయాలి, లేదా వచ్చే శబ్దాన్ని ముందుగా పట్టే రిఫరెన్స్ మైకును అంత దూరం ముందుకు జరపాలి.

పోల్చి చూడాలంటే టీన్సీ 4.0కు ఆడియో షీల్డ్ తగిలిస్తే 600 మెగాహెర్ట్జ్, స్టీరియో ఇన్‌పుట్, ఒకే క్లాక్, అన్నీ సిద్ధంగా దొరుకుతాయి. వారం రోజుల్లో డెమో కావాలంటే అదే మేలు. కానీ సిద్ధంగా ఉన్న ఫిల్టర్ బొమ్మలను తెరమీద గీతలతో కలిపేసిన ప్రాజెక్టులో "ఇందులో మీరు చేసిందేమిటి?" అన్న ప్రశ్నకు జవాబు కష్టం. డిస్కవరీలో ప్రతి రిజిస్టరూ మీ చేతి మీదుగా వెళుతుంది, వైవాలో ఆ తేడా తెలుస్తుంది.

కేబుళ్లు రెండు రకాలు: ప్రోగ్రామింగ్‌కు మినీ యూఎస్‌బీ, యూజర్ పోర్టుకు మైక్రో. ఇప్పటి ఫోన్ కేబులు రెండింటికీ పట్టదు. ల్యాప్‌టాప్ ఛార్జర్ మీద ఉంటే గ్రౌండ్ లూప్ వల్ల మెయిన్స్ హమ్ వినిపించవచ్చు, డెమో సమయంలో బ్యాటరీ మీద నడపండి. పవర్ బ్యాంకు వాడేట్టయితే ముందే ఒక అరగంట నడిపి చూడండి. బోర్డు లాగే కరెంటు తక్కువ కాబట్టి కొన్ని పవర్ బ్యాంకులు ఏమీ తగిలించలేదనుకుని వాటంతటవే ఆగిపోతాయి.