స్ఫింక్స్: గుణింతం రాని నమ్మకమైన గుమస్తా

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మాది డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు చేస్తాం. నాకు కోడ్ రాయడం రాదు. అయినా మూడేళ్ళుగా ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి డాక్యుమెంటేషనూ వెబ్‌సైటూ నేనే చూస్తున్నాను. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగుని, ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రాం అది. రాసే కుర్రాళ్ళు ముగ్గురు. దాన్ని ఎలా వాడాలో రాసిపెట్టే ఓపిక మాత్రం ముగ్గురికీ లేదు. ఎక్కడ నొక్కాలండీ అని నేను రోజుకో మెయిలు పెడుతుంటే, విసుగొచ్చి ఆ పని నా నెత్తినే పెట్టారు.

మొదటి ఏడాది వర్డ్ ఫైలుతోనే నడిపాను. "మాన్యువల్ ఫైనల్", "మాన్యువల్ ఫైనల్ కొత్తది", ఆ తర్వాత "ఇదే ఫైనల్". సంక్రాంతికి వచ్చిన మా మేనకోడలు, ఇంజనీరింగ్ చదువుతోంది, అది చూసి నవ్వింది. "ఏటి మావయ్యా, ఇంకా వర్డ్ ఫైలే పంపుతున్నావా? స్ఫింక్స్‌లో పెట్టీ." కనుమ నాడు మధ్యాహ్నం కూర్చుని పెట్టేసింది కూడా. అప్పటినుంచి వాడుతున్నాను కాబట్టి ఈ నాలుగు మాటలు.

స్ఫింక్స్ అంటే డాక్యుమెంటేషన్ తయారుచేసే ప్రోగ్రాం, ఉచితం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష డాక్యుమెంటేషన్ కోసం గియోర్గ్ బ్రాండ్ల్ తయారు చేస్తే 2008లో బయటికొచ్చింది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టంకి గుండెకాయలాంటి కెర్నెల్ డాక్యుమెంటేషన్ కూడా దీంతోనే తయారవుతుంది. మనం మామూలు టెక్స్ట్ ఫైళ్ళు రాసిపెడితే, వాటి నుంచే వెబ్‌సైటూ పీడీఎఫూ రెండూ తీసి ఇస్తుంది. కంపోజింగ్ ఒకసారి, ప్రింటు రెండు సైజుల్లో అన్నమాట.

దీని గొప్పంతా చాదస్తంలోనే ఉంది. కొత్త పేజీ రాసి విషయసూచికలో చేర్చడం మర్చిపోయామనుకోండి, ఈ పేజీ ఏ సూచికలోనూ లేదని చెప్పేస్తుంది. బైండింగ్‌లో ఫారం (మడిచిన పేజీల కట్ట) జారిపోతే మా దగ్గర అంత త్వరగా చెప్పే మనిషి లేడు. హెచ్చరికలన్నిటినీ తప్పులుగా లెక్కగట్టమని ఒక ఆప్షన్ ఉంది. అది పెట్టుకుంటే చిన్న పొరపాటున్నా సైటు తయారవదు. మొదట్లో తిట్టుకున్నాను గానీ ఇప్పుడు అది లేకుండా పని చెయ్యను. బయటి లింకులన్నీ బతికున్నాయో లేదో చూసే ఆజ్ఞ వేరే ఉంది. మొదటిసారి నడిపితే నేను ఇచ్చిన లింకుల్లో తొమ్మిది చచ్చినవి తేలాయి. పరువు పోయింది.

చాదస్తం ఒక్కోచోట మన లిపికి కుదరదు. శీర్షిక కింద దాని పొడవుకి సరిపడా = లాంటి గుర్తులతో గీత గియ్యాలి, తక్కువైతే గొడవ. శ్రీకాకుళం మన కంటికి నాలుగక్షరాలు. యూనికోడ్ లెక్కలో పది, ఎందుకంటే గుడులూ కొమ్ములూ ఒత్తులూ విడివిడిగా లెక్కకొస్తాయి. కంటికి సరిపోయిన గీత దానికి చాలదు. ఇప్పుడు ప్రతి శీర్షిక కింద నలభై గుర్తులు కొట్టేస్తున్నాను. పొడవెక్కువైతే ఏమీ అనదు.

సైటు రీడ్ ద డాక్స్‌లో పెట్టాం. డాక్యుమెంటేషన్ సైట్లని నెట్‌లో ఉంచే సేవ అది, 2010 నుంచీ ఉంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి డబ్బు తీసుకోరు, పేజీలో చిన్న ప్రకటన ఒకటి వేస్తారు. నాకు నచ్చింది వేరే సంగతి. ఫైళ్ళు పంపగానే సైటు వాళ్ళ సర్వర్లలోనే తయారవుతుంది. వేసవిలో ఇక్కడ కరెంటు పోయినా అక్కడ పని ఆగదు.

మాకు ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉన్నాయి. మూలం ఇంగ్లీషు. తెలుగు అనువాదం పీఓ అనే ఫైళ్ళలో, ఇంగ్లీషు వాక్యానికి తెలుగు వాక్యం పక్కపక్కన ఉంటుంది. మూలంలో వాక్యం మారిందంటే, తెలుగుని నేను మళ్ళీ చూసి సరే అనేదాకా ఆ చోట ఇంగ్లీషే కనిపిస్తుంది. తెలుగు పేజీ మధ్యలో ఇంగ్లీషు ముక్క చూస్తే పంటి కింద రాయిలా ఉంటుంది. కానీ ఒకసారి కుర్రాళ్ళు బటన్ పేరు మార్చారు. పాత తెలుగు అలాగే ఉండిపోతే జనం లేని బటన్ కోసం వెతుక్కునేవారు. అప్పుడు నోరు మూసుకున్నాను.

ఇక అసలు బాధ. వెతకడం. నేను వాడుతున్న వెర్షన్‌లో సెర్చ్ డబ్బాలో "తెలుగు" అని కొడితే దాన్ని త, ల, గ అని మూడు ముక్కలు చేసుకుంటుంది. మాటల్ని విడదీసే పైథాన్ పద్ధతికి గుణింతపు గుర్తులు అక్షరాల కిందకి రావు. అందుకని గుర్తున్న ప్రతిచోటా మాట తెగిపోతుంది. ఇక ఏం వెతికినా సంబంధం లేని పేజీలన్నీ కుప్పగా వచ్చి పడతాయి. స్ఫింక్స్ సెర్చ్‌కి తెలిసిన భాషల జాబితాలో తెలుగు లేదు. గుణింతాలు సరిచేసే ప్రోగ్రాంకి మాన్యువల్ రాస్తూ, ఆ మాన్యువల్లోనే గుణింతాలు ఊడిపోతుంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఐదుకి నాలుగు మార్కులే వేస్తున్నానంటే దీనికోసమే.

దారి ఒకటి దొరికింది, అదీ పాతదే. స్ఫింక్స్‌కి ఇండెక్స్ ఎంట్రీలు రాసే వీలుంది. పేరాకి పైన ఒక లైను పెడితే చాలు, అన్నిటినీ అకారాదిగా పేర్చి ఒక పేజీ చేస్తుంది. పుస్తకం చివర ఉండే సూచికే. అక్కడ గుణింతం తెగదు. ఎంట్రీలు మొదట పద్ధతిగా "అక్షర పరివర్తన దోషాలు" అని రాశాను. ఒక్కరూ వాడలేదు. తర్వాత ఫోన్లో జనం అడిగిన మాటలే పెట్టాను: "ఒత్తు ఊడిపోవడం", "డబ్బాలు రావడం", "క్ష విడిపోవడం". అప్పటినుంచి ఫోన్లు తగ్గాయి.

పీడీఎఫ్ తీసేవాళ్ళకి ఒక మాట. మామూలు సెట్టింగులతో తెలుగు రాదు, పీడీఎఫ్ పేజీలు పేర్చే లేటెక్ (LaTeX) ప్రోగ్రాం మధ్యలోనే ఆగిపోతుంది. కాన్ఫిగరేషన్ ఫైల్లో ఇంజన్‌ని జీలేటెక్‌ (XeLaTeX)కి మార్చి, తెలుగు ఫాంటు పేరు చెప్పాలి. ఈ రెండు ముక్కలు తెలియక నాలుగు రాత్రులు పోగొట్టుకున్నాను. పాఠానికి మండలి, శీర్షికలకి గిడుగు పెట్టాను, రెండూ ఉచిత ఫాంట్లే. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టిన పర్వతాలపేట మా జిల్లాలోదే. "అక్షర పరివర్తన దోషాలు" అన్న నా శీర్షిక ఆయన పేరున్న ఫాంటులో ప్రింటై వచ్చినప్పుడు నాకే సిగ్గేసి, దాన్ని కూడా "అక్షరాలు తప్పుగా మారితే" అని మార్చాను.