లెదర్ జాకెట్‌కి ఆర్మర్ వేయిస్తున్నారా? ముక్క చేతిలోకి తీసుకుని చూడకుండా డబ్బులివ్వకండి

బైకు మీద దూరాలు తిరిగేవాళ్ళు, ముఖ్యంగా పాత లెదర్ జాకెట్‌కి ఆర్మర్ (దెబ్బ తగలకుండా లోపల పెట్టే ప్యాడ్లు) పెట్టించుకుందాం అనుకుంటున్నవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. నా ఎడమ మోచేతి ఎముక చిట్లి నాలుగు వారాలు కట్టుతో ఉన్నాను. కట్టు విప్పి పది రోజులైంది. చెయ్యి ఇంకా నిటారుగా చాపలేకపోతున్నాను. ఇంకొకరికి ఇలా జరగకూడదనే రాస్తున్నాను.

జాకెట్ మా బాబాయిది. ముంబైలో ఉద్యోగం చేసే రోజుల్లో ధారావిలో కొన్నాడు. మందమైన గేదె తోలు. నల్ల రంగు భుజాల దగ్గర కాస్త వెలిసి గోధుమ రంగు తిరిగింది. బాబాయి బైకు మానేశాక నాకిచ్చాడు. తోలు ఇప్పటికీ గట్టిగానే ఉంది కానీ లోపల ఆర్మర్ లేదు. తోలు పని వేరు, ఆర్మర్ పని వేరు. కిందపడి రోడ్డు మీద జారుతున్నప్పుడు చర్మం గీరుకుపోకుండా కాపాడేది తోలు. పడ్డ దెబ్బ నేరుగా ఎముకకి తగలకుండా తీసుకునేది భుజం, మోచేయి, వీపు దగ్గర ఉండే ఆర్మర్. రెండూ ఉంటేనే అది రైడింగ్ జాకెట్.

కొత్త జాకెట్ కొనే బదులు దీనికే ఆర్మర్ వేయిద్దామని హైదరాబాద్‌లో రైడింగ్ సామాన్లు అమ్మే ఒక షాపుకి తీసుకెళ్ళాను. "అన్నా, సీఈ లెవెల్ టూ ఉంది, ఫారిన్ మాల్, రెండు రోజుల్లో ఫిట్ చేసి ఇస్తా" అన్నాడు. సీఈ అంటే ఐరోపా భద్రతా ప్రమాణాల గుర్తు, లెవెల్ టూ అంటే రెండు లెవెళ్ళలో ఎక్కువ రక్షణ ఇచ్చేది. భుజాలకి రెండు, మోచేతులకి రెండు, వీపుకి ఒకటి, కుట్టు కూలితో కలిపి 6,500 రూపాయలు. చేతులు కిందికి వేలాడేసి నిలబడమని కొలత తీసుకున్నాడు. బండి మీద కూర్చున్నట్టు కొలవాలి కదా అని అప్పుడే అడగాలని నాకు తట్టలేదు. రెండు రోజుల తర్వాత వెళ్తే జాకెట్ రెడీగా ఉంది, ప్యాడ్లు లోపల కుట్టేసి ఉన్నాయి. పైనుంచి నొక్కి చూశాను, గట్టిగా తగిలాయి. నమ్మకంతో డబ్బులిచ్చి వచ్చేశాను.

పడింది సిద్దిపేట దాటాక ఒక ఊరి రోడ్డు మీద. కోతల సమయం. రోడ్డుకి ఒక పక్కన వడ్లు ఆరబోసి, వాటికి హద్దుగా రాళ్ళు పెట్టారు. గాలికో, బండ్లు తిరిగినందుకో కొన్ని గింజలు ఇవతలికి వచ్చాయి. వేగం నలభై కూడా లేదు. మలుపులో ముందు టైరు గింజల మీదకెక్కడం, బండి ఎడమ వైపుకి ఒరిగిపోవడం ఒక్క క్షణంలో అయిపోయాయి. అయిదారు మీటర్లు జారి ఉంటాను. తప్పు ఆ రైతులదని నేను అనను. కల్లం లేని చోట వాళ్ళు ధాన్యం ఎక్కడ ఆరబోసుకుంటారు? చేలో పని చేస్తున్నవాళ్ళే పరిగెత్తుకొచ్చి నన్ను లేపి నీళ్ళిచ్చారు.

ఇంటికొచ్చాక కుడి చేత్తోనే జాకెట్ తిరగేసి చూశాను. ఎడమ చేతి మీద షాపువాడు ప్యాడ్ చుట్టూ చదరంగా వేసిన కుట్టు ఉంది కదా, సరిగ్గా ఆ కుట్టు వెంబడే తోలు తెగింది. స్టాంపుల షీటులో చిల్లుల మీద చింపితే ఎంత సాఫీగా చినుగుతుందో అలా. మిగతా చోట్ల తోలు, ఇరవై ఏళ్ళ నాటి కంపెనీ కుట్టు చెక్కుచెదరలేదు. కొత్తగా సూది దిగిన చోటే విడిపోయింది. లోపలి ప్యాడ్ దండచేతి మీదకి జరిగి ఉంది. మోచేతి ముడి మీద ఏమీ లేదు.

ప్యాడ్ బయటికి లాగాను. దాని మీద 'సీఈ లెవెల్ 2' అని వెండి రంగు స్టిక్కర్. గోటితో లేపితే ఊడి వచ్చింది. కింద ముద్ర లేదు, నంబరు లేదు. బ్లేడుతో కోశాను. టీవీ డబ్బాలో మూలలకి పెడతారే, అలాంటి బూడిద రంగు ఫోమ్. పైన మాత్రం పల్చటి ప్లాస్టిక్ రేకు అంటించి ఉంది. నేను నొక్కినప్పుడు గట్టిగా తగిలింది ఆ రేకే. వీపుకి పెట్టింది అది కూడా లేని ఉత్త ఫోమ్.

కట్టుతో ఇంట్లో కూర్చున్న నాలుగు వారాలూ ఈ విషయాలు చదవడమే పనిగా పెట్టుకున్నాను. కొనే ముందు తెలుసుకోవాల్సినవి ఇవి.

అసలైన ఆర్మర్ మీద గుర్తులు స్టిక్కర్ మీద కాదు, ముక్క మీదే చెరగకుండా ఉంటాయి. అచ్చులోనే పోసి ఉంటాయి, లేదా గట్టిగా ముద్రించి ఉంటాయి. బైకు నడిపే మనిషి బొమ్మ ఉండాలి. ఈఎన్ (ఐరోపా ప్రమాణం) 1621-1 అని ఉంటే అది భుజం, మోచేయి, తుంటి, మోకాలు లాంటి చోట్లకి. ఈఎన్ 1621-2 అంటే వీపుకి. భుజానిదైతే ఇంగ్లిష్ అక్షరం ఎస్, మోచేతిదైతే ఈ, వీపుదైతే బి ఉంటుంది. పక్కనే 1 గానీ 2 గానీ లెవెల్ అంకె ఉంటుంది. సైజు చెప్పే టైప్ ఏ, టైప్ బి కూడా ఉంటాయి. ఏ చిన్నది, బి ఎక్కువ చోటు కప్పుతుంది. ఎండలో, చలిలో కూడా పరీక్షించిన ముక్క అయితే టి ప్లస్, టి మైనస్ అని రాసి ఉంటుంది. ప్లస్ అంటే 40 డిగ్రీలు, మైనస్ అంటే సున్నాకి 10 డిగ్రీల కింద. మన మే నెల ఎండల్లో తిరిగేవాళ్ళు ఆ టి ప్లస్ తప్పక చూసుకోండి. కొన్ని మెత్తటి ఆర్మర్లు వేడికి ఇంకా మెత్తబడి, దెబ్బని అంతగా ఆపలేవు.

లెవెల్ అంకె వెనక ఉన్న సంగతి కూడా చెప్తాను. పరీక్షలో ఐదు కిలోల బరువుని ముక్క మీద 50 జౌల్స్ శక్తితో పడేస్తారు. అంటే సుమారు మీటరు ఎత్తు నుంచి వదిలినట్టు. అప్పుడు అవతలి వైపుకి ఎంత బలం దిగిందో కొలుస్తారు. మోచేయి లాంటి చోట్లకి సగటున 35 కిలోన్యూటన్లు దాటకపోతే లెవెల్ 1, 20 దాటకపోతే లెవెల్ 2. వీపుకి ఇంకా కఠినం, 18 అయితే లెవెల్ 1, 9 అయితే లెవెల్ 2. మన ఎముక దాకా వచ్చే దెబ్బ అది. కాబట్టి ఆ అంకె కోసం డబ్బులిచ్చి, ఆ అంకె లేని ఫోమ్ ఇంటికి తెచ్చుకోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

'నెమ్మదిగా నొక్కితే మెత్తగా, గట్టిగా కొడితే బిగుసుకుంటుంది' అని షాపులో చూపిస్తారు. దాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. దిండ్లలో వాడే మెమరీ ఫోమ్ కూడా చేతికి దాదాపు అలాగే తగులుతుంది. మనం హెల్మెట్ కొనేటప్పుడు ఐఎస్ఐ మార్కు వెతుకుతాం కదా, ఆర్మర్‌కి కూడా ముద్రే చూడాలి.

ఇక కుట్టు. పై తోలు గుండా సూది పోనివ్వకండి, ఎవరెంత చెప్పినా సరే. తోలులో పడ్డ చిల్లు మళ్ళీ పూడదు. బట్ట అయితే పోగులు పక్కకి జరిగి సూదికి దారి ఇస్తాయి, తోలు తెగిపోతుంది. దగ్గర దగ్గరగా చిల్లులు వరసపెడితే అది చింపడానికి గీత గీసినట్టే. పద్ధతి ఏమిటంటే, లోపలి లైనింగ్‌ని అంచు దగ్గర విప్పి, లైనింగ్‌కి మాత్రమే జేబు కుట్టి, నోటికి వెల్క్రో పెట్టి, ఆర్మర్‌ని అందులో దూర్చడం. ఉతికేటప్పుడు, తనిఖీ చేసేటప్పుడు తీసుకోవచ్చు కూడా. లైనింగ్ పల్చటి సాటిన్ అయితే బరువుకి సాగి ప్యాడ్ జరుగుతుంది. అందుకని గట్టి మెష్ బట్ట వేయించాలి, చేతి చివర లైనింగ్‌ని తోలు అంచుకి బిగించాలి.

కొలత మాత్రం హ్యాండిల్ పట్టుకున్న భంగిమలోనే ఇవ్వాలి. షాపులో బండి లేకపోతే మీ బండి మీదే కూర్చోండి. చేతులు ముందుకి చాచి వంచితే జాకెట్ చేతులు పైకి లాగుతాయి. నిలబడ్డప్పుడు మోచేతి మీదున్న ప్యాడ్ అప్పుడు పైకి పోతుంది. నాకు జరిగింది అదే. ఆర్మర్ పెట్టాక జాకెట్ చెయ్యి బిగుతుగా ఉండాలి, మరీ వదులైతే పడ్డప్పుడు గిర్రున తిరుగుతుంది. మీ జాకెట్ బాగా వదులుగా ఉంటే దాన్ని కదపకండి. లోపల వేసుకునే ఆర్మర్ మెష్ షర్టులు దొరుకుతాయి, ఒంటికి పట్టి ఉంటాయి, పైన తోలు జాకెట్ వేసుకోవచ్చు. నేను చివరికి అదే కొన్నాను. బాబాయి జాకెట్‌కి తెగిన చోట ముక్క అతికించి కుట్టించాను, ఇంకేమీ చేయించలేదు.

షాపుకి వెళ్ళి ఫోమ్ ముక్క బల్ల మీద పెడితే, "ఇది మేమిచ్చింది కాదన్నా" అన్నాడు. నా దగ్గరున్న బిల్లు మీద 'జాకెట్ వర్క్' అని మాత్రమే ఉంది. ఈఎన్ నంబరు, లెవెల్, ఎన్ని ముక్కలు అన్నది బిల్లు మీద రాయించి ఉంటే అతను ఆ మాట అనలేకపోయేవాడు. కుట్టక ముందు ముక్కల ముద్రలు కనపడేలా ఫోటోలు కూడా తీసుకోండి. నేను 1915 కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. దానితో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. జరిగిన రోజు నుంచి రెండేళ్ళ లోపు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు.

ఇప్పటికే ఎక్కడైనా ఆర్మర్ వేయించుకున్నవాళ్ళు ఈ రాత్రే జాకెట్ తిరగేయండి. కుట్టేసి ఉంటే లైనింగ్ ఒక మూల విప్పండి, మళ్ళీ కుట్టించడానికి యాభయ్యో వందో అవుతుంది. ముక్క మీద బొమ్మ, నంబరు, లెవెల్ మూడూ కనపడకపోతే ఆ జాకెట్ నమ్ముకుని ఈ ఆదివారం రైడ్‌కి బయల్దేరకండి.