ముందు కలమా, ముందు కుంచా: ప్రాగ్ నదీతీరాన్ని చిత్రించడానికి ఏది మేలు?

చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్‌లో పాత నగరం వైపు ఒడ్డున నిలబడితే వల్టావా నది మీద చార్లెస్ వంతెన, దాని వెనుక ఎర్రని పెంకుల ఇంటికప్పులు, సెయింట్ నికొలస్ చర్చి పచ్చని గుమ్మటం, కొండ మీద కోట ఒకే చూపులో ఇమిడిపోతాయి. ఈ దృశ్యాన్ని సిరాతోనూ నీటిరంగులతోనూ వేయదలచినవారు మొదట తేల్చుకోవలసింది ఏది ముందు పట్టాలన్నదే.

1357లో నాలుగవ చార్లెస్ చక్రవర్తి హయాంలో మొదలైన ఈ వంతెనకు 16 కమానులు, పిట్టగోడల మీద 30 శిల్పాలు ఉన్నాయి. ముందుగా కలంతో గీసుకుంటే, దూరం పోయేకొద్దీ కమానులు చిన్నవయ్యే తీరు చక్కగా పట్టుబడుతుంది. అయితే సిరా నీటికి కరగనిదై ఉండాలి. మామూలు ఫౌంటెన్ పెన్ సిరా కుంచె తగలగానే కరిగి, పెంకుల ఎరుపును బురదగా మార్చేస్తుంది. లక్క కలిసిన ఇండియన్ ఇంకు కరగదు గానీ, ఫౌంటెన్ పెన్నులో పోస్తే ఎండి పూడుకుపోతుంది కనుక, దాన్ని ముంచి రాసే పాళీతోనే వాడాలి. ఈ పద్ధతిలో అసలు చిక్కు వేరే ఉంది: ప్రతి కిటికీ గీసేశాక కుంచెకు గళ్లు నింపడం తప్ప పని మిగలదు, నది మీద గీసిన అలలు గడ్డకట్టినట్టు కనిపిస్తాయి.

ముందు రంగు వేస్తే నది బతుకుతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి కాగితంపై పెన్సిలుతో వంతెన ఎత్తు, కమానుల చోట్లు మాత్రమే గుర్తుపెట్టుకుని, ఆకాశానికీ నీటికీ ఒకే పలుచని రంగు పరచాలి. ఆ తడి ఇంకా మెరుస్తూ ఉండగానే అల్ట్రామెరీన్ అనే ముదురు నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రగోధుమ రంగు కలిపిన బూడిదరంగును కమానుల కింద తాకిస్తే, నీడ దానంతట అదే నీటిలోకి జారుతుంది. ఆ మెత్తని అంచును ఏ పాళీ గీయలేదు. ఇక్కడ కావలసింది ఓపిక. తడి ఆరకముందే కలం పెడితే సిరా వెంట్రుకల్లా చీలిపోతుంది, పాళీ సందులో కాగితం నూగు చిక్కుకుంటుంది. ఒకసారి నా బొమ్మలో వంతెన బురుజు శిఖరం ఇలాగే సాలీడుగా మారింది. అప్పటినుంచి ముంజేతి వెనుకభాగంతో కాగితాన్ని తాకి చూస్తున్నాను. చల్లగా తగిలితే ఇంకా ఆరలేదన్నమాట.

ఎంపికలో వేళకూ పాత్ర ఉంది. ఉదయం ఎండ ఎదురుగా కోట వైపు గోడల మీద పడి ప్రతి అంచునూ విడదీసి చూపుతుంది కనుక అప్పుడు కలం ముందుండటమే సబబు. సాయంత్రం సూర్యుడు కోట వైపుకు దిగుతాడు, భవనాలన్నీ ఒకే నీడగా కలిసిపోతాయి, అప్పుడు కుంచెకే పెద్దపీట. రెంటిలో ఒకటే ఎంచుకోమంటే, కాగితంలో సగం నీరే ఆక్రమించే ఈ దృశ్యానికి నేను ముందు రంగే వేస్తాను. ఆరాక కలంతో బురుజు అంచు, నాలుగైదు శిల్పాల భుజాలు, దగ్గరి కమాను రాళ్లు గీసి, నీటి జోలికి పోకుండా ఆపేస్తాను.